మంచు దాటని అక్షరం

నేను ఒక ఆటరాయిని. మీరు రాళ్ళకు రకరకాల పనులు చెబుతారు. కొన్నింటికి బొట్టు పెట్టి మొక్కుతారు, కొన్నింటి మీద పోయినవాళ్ళ పేర్లు చెక్కుతారు, కోపం వస్తే కొన్నింటిని విసురుతారు. నన్ను మంచు మీద జార్చడానికి చేశారు. గుండ్రంగా ఉంటాను. నెత్తిన ఒక పిడి ఉంటుంది. బరువు ఇరవై కిలోలకు కాస్త తక్కువ. ఇప్పుడు ఉత్తరాన కొండల మధ్య ఒక సరస్సు అడుగున, బురదలో సగం దిగబడి ఉన్నాను. పిడి మాత్రం పైకి ఉంది, ఎవరైనా వచ్చి పట్టుకుంటారేమో అన్నట్టు. ఎవరూ పట్టుకోకూడదనే నా కోరిక. ఒకసారి ఒక చెయ్యి పట్టుకుంది.

చలికాలం రాగానే నా పైన మంచు మూత పడుతుంది. ఆ మూత మీదికి ఏటా ఒకామె వస్తుంది. మోకాళ్ళ మీద వంగి, మంచుకు నోరు ఆనించినంత దగ్గరగా పెట్టి, ఒక మాట అంటుంది. కాసేపు ఊరుకుని మళ్ళీ అంటుంది. ఒకనాడు తన నోట వచ్చిన మాట ఏదో తెలుసుకోవాలని ఆమె తపన. ఒక అమ్మాయి ప్రాణం ఆ మాట మీద వేలాడింది. ఆ రోజు ఆ మాటకు ఎదురుగా వస్తున్నవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి, నాకు తెలిసి ఉంటుందని ఆమె నమ్మకం.

నేను పుట్టింది చీమకుర్తిలో. నల్లటి ఒంట్లో బంగారు రంగు చుక్కలుండే రాయి మాది. మావాళ్ళు బ్యాంకుల్లో నేలలయ్యారు, హోటళ్ళలో బల్లలయ్యారు, ఎక్కడెక్కడి దేశాల్లోనో సమాధులయ్యారు. నన్ను పాలిష్ యూనిట్‌కు తెచ్చినప్పుడు బాజీ అనే పనివాడు చిన్న సుత్తితో నా వీపు మీద తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. నేను గంటలా పలికాను. నా పక్క దిమ్మను తట్టాడు. అది బొంగురుగా పలికింది. పైన వెతికితే వెంట్రుకంత గీత కూడా లేదు. "దీని కడుపులో తేడా ఉంది," అని దాన్ని అవతలికి నెట్టేశాడు. కోతకు పెట్టినప్పుడు అది రెండుగా విడిపోయింది.

పగులు ముందు వినిపిస్తుంది, తర్వాతే కనిపిస్తుంది. నాకు వచ్చిన చదువు ఇదొక్కటే. మీలో చాలామందికి ఇది రాదు. మీరు కనిపించేదాకా ఆగుతారు.

నన్నూ నాతోటి ఆటరాళ్ళనూ చేయించింది వకుళ. ఒంగోలులో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. ఎండాకాలం తారు రోడ్డు మీద చెప్పులు అతుక్కుపోయే ఊళ్ళో కూర్చుని, ఆమె మంచు మీద ఆడే కర్లింగ్‌ను ఫోనులో చూసి ప్రేమించింది. దూరం కావడం వల్లే ప్రేమించిందేమో. మనుషులు తమకు దొరకనిదాన్ని ఎంచుకుంటే, ఓడిపోయినప్పుడు తప్పు దూరానిదవుతుంది. రాష్ట్రానికి ఆడవాళ్ళ జట్టు లేదు కనుక, దరఖాస్తు పెట్టిన నలుగురే జట్టయ్యారు. వకుళ కెప్టెన్. రాయి జార్చడంలో చెయ్యి తిరిగింది నసీమా. రాయి ముందు ఊడ్చేవాళ్ళు హైమ, రూతు.

రూతు చీరాల పిల్ల, నలుగురిలో చిన్నది. కబడ్డీ ఆడేది. పోలీసు ఉద్యోగానికి రెండుసార్లు పరీక్ష రాసి తప్పింది. జాతీయ పోటీల్లో పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో కానిస్టేబుల్ కావచ్చని ఎవరో చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి నా పిడిని ఖాకీ బట్టను తడిమినట్టు తడిమేది.

ఆట మీకు తెలియకపోతే రెండు ముక్కల్లో చెబుతాను. ఒకరు ఈ చివర నుంచి నన్ను జారుస్తారు. కెప్టెన్ ఆ చివర, మంచులో గీసిన పెద్ద వృత్తం దగ్గర నిలబడుతుంది. నేను వృత్తం నడిబొడ్డున ఆగాలి. ఇద్దరు నా ముందు బ్రష్షులతో మంచును గట్టిగా రుద్దుతూ వస్తారు. రుద్దితే దూరం పోతాను, మానితే తొందరగా ఆగిపోతాను. ఎప్పుడు రుద్దాలో, ఎప్పుడు మానాలో కెప్టెన్ అరిచి చెబుతుంది. ఊడ్చేవాళ్ళ తల వంచుకునే ఉంటుంది. వాళ్ళకు దారి కనిపించదు. వాళ్ళ కళ్ళు కెప్టెన్ నోట్లో ఉంటాయి.

ఒంగోలులో మంచు ఎక్కడిది? బాజీ యూనిట్ వెనక ఖాళీ జాగాలో పాలిష్ చేసిన పలకలు వరసగా పరిచి, సబ్బునీళ్ళు పోసి, నా అడుగున దళసరి గుడ్డ కట్టి జార్చేవాళ్ళు. అన్నాల వేళ ప్యాకింగ్ ఆడవాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు.

"ఏందమ్మే, చీపుళ్ళు పట్టుకోని పోటీలకు పోతుండారంట?"

"ఊడవడంలో దేశానికే ఫస్టు రావాలంట పిన్నీ," అంది రూతు.

"అట్టయితే నన్నూ తీసకపో. పెళ్ళయిన కాడ్నించి అదే ప్రాక్టీసు నాకు."

బాజీ బీడీ ఆర్పి అన్నాడు: "రాయీ నేనే చేశా, నేలా నేనే చేశా. కప్పు వస్తే దాంట్లో టీ తాగేది కూడా నేనే."

ఆ రోజుల్లోనే ఆ పొరపాటు మొదటిసారి జరిగింది. రుద్దండి అనడానికి వకుళ 'సాగు' అనేది. మానండి అనడానికి 'ఆగు' అనేది. పక్క షెడ్డులో కోత యంత్రం రొద చేస్తుండగా ఆమె ఏదో అరిచింది. హైమ, రూతు ఇంకా గట్టిగా రుద్దారు. నేను పలకలన్నీ దాటి వెళ్ళి బాజీ టీ ఫ్లాస్కును గుద్దాను.

"ఆగు అంటుంటే వినపడదా?" అంది వకుళ దగ్గరికి వచ్చి.

"సాగు అన్నావుగా అక్కా," అంది హైమ.

"ఆగు అన్నా."

"అదే నేను చెప్పేది. సాగు అన్నావు."

బాజీ ఫ్లాస్కును ఎత్తి చెవి దగ్గర ఊపాడు. లోపల గాజు గలగలమంది. "పైకి బానే ఉంది. లోపల పోయింది," అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వులోనే నిర్ణయం జరిగిపోయింది. రొదలో ఆ రెండు మాటలకూ తేడా ఒక్క 'స'. అది ముందు రాలిపోతుంది. కాబట్టి ఇక నుంచి 'సాగు', 'చాలు'. 'ఆగు' అనే మాట జట్టులో ఉండకూడదు.

"చాలు అయితే నాకు బాగుంది," అంది రూతు. "అమ్మ అన్నం పెట్టేటప్పుడు అనే మాట గదా. వింటే చెయ్యి దానంతటదే ఆగిపోద్ది."

"నాకూ పీడ వదిలింది," అంది వకుళ. "చిన్నప్పుడు మా ఇంట్లో నా పేరు కంటే ఎక్కువ వినబడింది ఆ మాటే. గడప దాటబోతే ఆగు. మగపిల్లల్తో పరిగెత్తబోతే ఆగు."

"అందుకనేనా ఆటల టీచరయ్యావు?" అంది హైమ.

వకుళ చెయ్యి నా మీద ఉంది. వేళ్ళు కొంచెం బిగిశాయి.

ఒక మాటను తీసేస్తే అది పోయిందని మీరనుకుంటారు. పైన లేకపోవడం, అసలు లేకపోవడం ఒకటే అనుకోవడం మీ అలవాటు. నేను ఇప్పుడు అడుగున ఉన్నదాన్ని. అడుగుకు వెళ్ళినవి అక్కడే ఉంటాయని నాకు తెలుసు.

పోటీలు జరిగే చోటికి మమ్మల్ని రైల్లో, తర్వాత లారీలో చేర్చారు. గడ్డకట్టిన సరస్సు మీద గీతలు గీసి, జెండాలు పాతారు. ఆతిథ్య సంఘం దగ్గర రాళ్ళు చాలలేదు. ఎవరి రాళ్ళు వాళ్ళు తెచ్చుకుంటే వాటితోనే ఆడవచ్చన్నారు. నన్ను మొదటిసారి మంచు మీద పెట్టినప్పుడు, నా వంటిదాన్నే కలిశానని ఒక్క క్షణం అనిపించింది. అంత గట్టిగా, అంత చల్లగా ఉంది. తర్వాత దాని కింద కదలిక తెలిసింది. అది రాయి వేషం వేసుకున్న నీరు. వేషం ఎంత బాగా కుదిరిందంటే, మనుషులు దాని మీద కుర్చీలు వేసుకున్నారు.

ఆ ఉదయం సరస్సు ఒక మూల నుంచి ఇంకో మూలకు పొడుగ్గా మూలిగింది. మావాళ్ళు నలుగురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అక్కడి ముసలాయనొకడు నవ్వి హిందీలో ఏదో చెప్పాడు.

"రోజూ ఇట్టాగే అరుస్తదంట," అని నసీమా తెలుగులో చెప్పింది. "అరిస్తే మంచిదేనంట. అరవకపోతేనే చూసుకోవాలంట."

నేను విన్నాను. అది గంటలా పలికే శబ్దమే. బాజీ అయితే మంచిదేనని తలాడించేవాడు.

ఎవరూ అనుకోని విధంగా మావాళ్ళు గెలుస్తూ పోయారు. సబ్బునీళ్ళ పలకల మీద నేర్చిన చేతులు మంచు మీద తేలికగా ఆడాయి. ఫైనల్‌కు వచ్చేసరికి ఎత్తుగా, ఎర్రకోట్లు వేసుకున్న అవతలి జట్టు అమ్మాయిలు మా వైపు చూసి నవ్వడం మానేశారు.

ఫైనల్ పొద్దున్నే జరగాలి. ముఖ్య అతిథి రాలేదని ఆపారు. ఫొటోల్లో వెనక కొండలు కనిపించాలని వేదికను ఒడ్డున కాకుండా వృత్తం వెనక, మంచు మీదే వేశారు. తివాచీలు పరిచారు. సోఫాలు మోయించారు. సోఫాల చుట్టూ జనం చేరారు. ఎండ ఎక్కింది. అతిథి కారు ఎక్కడో మలుపుల్లో ఉందని మైకులో చెబుతూ ఉన్నారు. ఒక మనిషి కోసం ఇంతమంది ఒక నీటి పొర మీద నిలబడి ఎదురు చూడటం నాకు వింతగా అనిపించింది. ఆయన బరువు ఆయన రాకముందే ఆ మంచు మీద పడింది.

సరస్సు ఆ రోజు అరవలేదు. చెవి నొక్కి పెట్టి వింటే చాలా లోపల, సన్నగా, బొంగురుగా ఒక శబ్దం. కడుపులో తేడా ఉన్న దిమ్మ శబ్దం.

"అక్కా, నా బూట్ల కింద నీళ్ళు ఊరుతుండాయి," అంది రూతు.

వకుళ వంగి వేలితో తాకి చూసింది. వెళ్ళి నిర్వాహకుణ్ణి అడిగింది. తిరిగి వచ్చి, "ఎండకు పైపైన కరుగుద్దంట. ఏం కాదంట. ఆయన రాగానే మొదలుపెడతారంట," అంది.

"నీకేమనిపిస్తాంది?"

"ఇంత దూరం వచ్చాం గదే," అంది వకుళ.

అది జవాబు కాదు. రూతు దాన్ని జవాబుగా తీసుకుంది. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ నోట వినాలనుకున్నదే వింటారు. ఆట మొదలయ్యే ముందు వకుళ అలవాటుగా నా పిడి మీద చెయ్యి వేసింది. ఆ అరచేతిలో భయం ఉంది. భయానికి ఆనుకుని ఇంకొకటి కూడా ఉంది. దాని పేరు నాకు తెలియదు. అది వేడిగా ఉంది. రెండూ ఒకే చర్మం కింద, ఒకదాన్నొకటి ఎరగనట్టు ఉన్నాయి.

ఆట చివరిదాకా సమంగా నడిచింది. ఆఖరి రాయిని నేను. నడిబొడ్డున ఆగితే కప్పు మాది, రూతు ఉద్యోగం రూతుది. నసీమా నన్ను వెనక్కి లాగి, ముందుకు జార్చి, మెల్లగా వదిలింది. అంత మంచి చెయ్యి నా జీవితంలో తగల్లేదు. హైమ కుడివైపు, రూతు ఎడమవైపు, తలలు వంచి బ్రష్షులు ఆడిస్తున్నారు. చర్ చర్ మని ఒకటే మోత.

సగం దూరం దాటాక నాకు వినిపించింది. వేదిక కింద పుట్టిన గీత వృత్తం ముందు నుంచి మాకు అడ్డంగా పరిగెత్తింది. అటూ ఇటూ మంచు కుంగింది. దారిలో ఒకచోట తెల్లదనం పోయి, నీరు నల్లగా పైకి చెమర్చింది. నేను ఆగలేను. రాయి తనంతట తాను ఆగగలిగితే దాన్ని రాయి అనరు.

వకుళ కూడా చూసింది. అది నాకు ఎలా తెలుసంటే, ఆమె పాదాలు మంచు గుండా నాకు అందాయి. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ తర్వాతే అరిచింది.

ఏమని అరిచింది?

మొదటి అక్షరం ఏదో బ్రష్షుల మోతలో తెలియలేదు. '…ఆగు' అన్నంత మాత్రం నన్ను తాకింది. 'చాలు' మాత్రం కాదు. అది ఖాయం. భయపడిన నోటికి నిన్న మొన్న నేర్చిన మాట దొరకదు. పుట్టింటి మాట వస్తుంది. తల్లి గొంతులోంచి ఆమె గొంతులోకి దిగిన 'ఆగు' పైకి వచ్చి ఉండాలి. లేదా, అరచేతిలో ఉన్న ఆ వేడి నోటిదాకా పాకి, 'సాగు' అయి ఉండాలి. జట్టులో 'ఆగు' లేదు కనుక హైమకు, రూతుకు వినిపించగలిగింది ఒక్కటే మాట. వాళ్ళు ఇంకా వంగి, ఇంకా గట్టిగా రుద్దారు.

నేను నల్లటి చోటు మీదికి వెళ్ళాను. మంచు నా కింద మెత్తగా ఒరిగింది, అంతే. పెద్ద శబ్దం కూడా రాలేదు. హైమ పక్కకు పడింది. రూతు నాతో పాటు వచ్చింది.

పడేవాళ్ళు చేతికి దొరికింది పట్టుకుంటారు. రూతు నా పిడి పట్టుకుంది. కప్పు కోసం, ఖాకీ కోసం అన్నాళ్ళుగా పట్టుకున్న పిడి. వేళ్ళకు దాని దారి బాగా తెలుసు. నేను బరువుగా కిందికి పోతున్నాను, ఆమె నాతో వస్తోంది. పైన వెలుతురు చిన్నదవుతోంది. ఒక చెయ్యి నన్ను వదలాలని నేను కోరుకున్నది అప్పుడే. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. బరువు తప్ప. కొంత దూరం పోయాక ఒక వేలు వీడింది. తర్వాత ఇంకొకటి. ఆమె తెలిసి వదిలిందో, చలికి చెయ్యి చచ్చుబడి వదిలిందో నేను చెప్పలేను. ఆ చెయ్యి పైకి వెళ్ళిందో, పక్కకు వెళ్ళిందో కూడా చూడలేదు. నేను బురదలో దిగాను. బురద లేచి అంతా కప్పేసింది.

కప్పు ఎవరికి ఇచ్చారో నాకు తెలియదు. ముఖ్య అతిథి వచ్చాడో లేదో తెలియదు. రూతు బతికిందో లేదో తెలియదు. ఇక్కడ ఆ చివరిదొక్కటే నన్ను తొలిచేది.

మంచు కరిగింది, మళ్ళీ పట్టింది. ఒకరోజు పైన రెండు జతల అడుగులు వినిపించాయి. ఒకటి వకుళ. మడమ గట్టిగా ఆనించి నడుస్తుంది. ఇంకొకటి హైమ. మాట్లాడుకుంటున్నారు. గాలిలోని మాటలు కింద నాకు పూర్తిగా అందవు. పదునైన అక్షరాలు మంచు దగ్గరే రాలిపోతాయి, గుండ్రటివి మాత్రం దిగుతాయి. అందువల్ల వాళ్ళ గొడవ నాకు ఇలా వినిపించింది.

"నువ్వు ఆగు అన్నావక్కా. నా చెవులారా విన్నా."

"లేదు. నేను ఆగు అన్నాను."

"ఆగు అన్నావు."

"కాదు. ఆగు."

ఇద్దరూ ఒకే మాట అంటూ, ఒకరిది తప్పని ఒకరు ఏడ్చారు. తర్వాత హైమ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత చలికాలాల్లో వకుళ ఒక్కతే వచ్చింది. వంగి, మంచుకు నోరు పెట్టి, ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి అని చూసుకునేది. ఏది అంటే ఆనాటి అరుపులా గొంతులో పడుతుందో పోల్చుకునేది. 'ఆగు.' కాసేపటికి, 'ఆగు.' కింద నాకు రెండూ ఒకటే. పైన ఆమెకూ క్రమంగా ఒకటే అయిపోయి ఉంటాయి. ఒక మాటను అన్నిసార్లు తిప్పి చూస్తే అది అరిగిపోతుంది. అయినా ఆమె తాను వెనక్కి వేసిన ఆ ఒక్క అడుగు గురించి మంచుతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమెను తొలవవలసింది బహుశా అదే. మాట గురించి అయితే అనుమానం మిగిలి ఉంది. అనుమానంలో మనిషి ఎన్నేళ్ళయినా కాపురం ఉండగలడు. అడుగు గురించి అనుమానం లేదు.

ఈ ఏడు ఆమె ఆలస్యంగా వచ్చింది. ఎండలు మొదలయ్యాయి. మూత పలచబడింది. ఆమె మడమల వెనక ఇంకొక జత అడుగులు ఉన్నాయి. తేలికగా, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ. కబడ్డీ గీత దగ్గర నిలబడ్డట్టు మునివేళ్ళ మీద ఆగే అడుగులు.

నేను రాయిని. నాలో ఏదీ కదలదు. అయినా ఏదో కదిలింది.

వకుళ వంగలేదు. నిలబడే చాలాసేపు మాట్లాడింది. గొంతు తెగి తెగి వచ్చింది. ఆ మాటల్లో 'అడుగు' అన్నది ఒకటి నాకు స్పష్టంగా దిగింది. 'వెనక్కి' అన్నది దిగింది. అన్నేళ్ళూ మంచుకు చెప్పనిది మనిషికి చెబుతోంది.

రూతు ఎడమకాలు ఈడుస్తూ ఒక అడుగు దగ్గరికి జరిగింది.

"నాకేం వినబళ్ళేదక్కా," అంది. "నా కన్ను రాయి మీదే ఉన్నది. నువ్వేమన్నా ఆ రోజు నేను ఆగేదాన్ని కాదు."

వకుళ ఏడ్చింది. ఏడుపులో పదునైన అక్షరాలు ఉండవు. అది మొత్తం నాదాకా వచ్చింది. రూతు ఆమెను దగ్గరికి తీసుకుని ఉంటుంది. రెండు బరువులూ ఒకేచోటికి చేరాయి.

అప్పుడే, వాళ్ళ పాదాలకూ నాకూ మధ్య, మూత లోపల, చాలా సన్నగా, బొంగురుగా అది మొదలైంది. బాజీ ఉంటే చెవి పెట్టి, ఒక్క క్షణంలో చెప్పేవాడు. వాళ్ళకు ఇంకా కనిపించదు.

నా దగ్గర ఇప్పుడు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. దానిలో ఏ అనుమానమూ లేదు. మొదటి అక్షరం ఏదో నాకు బాగా తెలుసు. మంచు దాటనిది ఆ అక్షరమే.

పైన నాలుగు పాదాలు. ఇంకా కదల్లేదు.